సొంత పాట ఎక్కడ పెట్టాలి: స్పాటిఫైలోనా, యూట్యూబ్‌లోనా, బ్యాండ్‌క్యాంప్‌లోనా?

మా బావమరిది కరీంనగర్‌లో ఫోక్ సాంగ్స్ పాడతాడు. వెనక కంపెనీ లేదు, కాంట్రాక్ట్ లేదు. ఎకో రాకుండా బీరువా తలుపులు తెరిచి, వేలాడే చీరల మధ్య మైకు పెట్టి పాడేస్తాడు. అదే అతని స్టూడియో. "ఏ యాప్‌ల పెడితే పైసలొస్తయ్ బావా?" అని అడిగాడు. ఆ ప్రశ్న మీద నేను పెద్ద లెక్కే వేయాల్సి వచ్చింది.

స్పాటిఫైలో మనంతట మనం పాట ఎక్కించలేం. 2018లో కొందరికి ఆ వీలు ఇచ్చి చూశారు, మరుసటి ఏడాదే తీసేశారు. ఇప్పుడు మధ్యలో డిస్ట్రిబ్యూటర్, అంటే మన పాటను యాప్‌లకు చేరవేసే మధ్యవర్తి, ఉండాల్సిందే. కొందరు ఏటా ఫీజు తీసుకుంటారు, కట్టడం ఆపితే పాట దిగిపోతుంది. సీడీ బేబీ లాంటివాళ్లు ఒక్కసారి ఫీజు తీసుకుని, వచ్చినదాంట్లో 9 శాతం పట్టుకుంటారు.

డబ్బు పంపకం మాత్రం గుడి హుండీ లాంటిది. చందాలు, యాడ్స్ డబ్బు అన్నీ ఒకచోట పోసి, మొత్తం స్ట్రీమ్స్‌లో (యాప్‌లో పాటలు విన్నసార్లలో) ఎవరి వాటా ఎంతో అంత ఇస్తారు. మా అత్తగారు నెలంతా కొడుకు పాట తప్ప ఇంకేదీ వినకపోయినా, ఆవిడ కట్టిన చందాలో చాలా భాగం సినిమా పాటలకే పోతుంది. పైగా 2024 నుంచి ఇంకో నిబంధన వచ్చింది: గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్స్ రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ లేదు. 999 దగ్గర ఆగితే సున్నా. ఆ డబ్బు మిగతా పాటలకు వెళ్తుంది. డిస్కవరీ మోడ్ అని ఇంకోటుంది: పాటను ఎక్కువమందికి వినిపిస్తాం, అలా వచ్చిన స్ట్రీమ్స్ మీద 30 శాతం కమీషన్ ఇవ్వండి అంటారు. నాకైతే ఇది కొట్టు ముందు అరుగుకు వేరే అద్దె అడిగినట్టుంది.

సౌండ్‌క్లౌడ్ 2021లో ఈ హుండీ పద్ధతి పక్కనపెట్టి, ఇండిపెండెంట్ ఆర్టిస్టులకు వాళ్ల శ్రోతల చందా వాళ్లకే చేరేలా మార్చింది. పద్ధతి న్యాయంగానే ఉంది. కానీ మా జాతరల్లో పాట వినేవాళ్లు ఆ యాప్ పేరు కూడా విని ఉండరు.

వాళ్లంతా ఉన్నది యూట్యూబ్‌లో. 2021లో 'బుల్లెట్టు బండి' ఒక పెళ్లికూతురి డ్యాన్స్ వీడియోతో ఊరూరా పాకింది, అది సినిమా పాట కాదు. ఇక్కడ మధ్యవర్తి అక్కర్లేదు, ఫోన్ నుంచే ఎక్కించవచ్చు. షార్ట్స్ కాని మామూలు వీడియోల మీద యాడ్స్ డబ్బులో 55 శాతం మనది. అయితే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో జనం మన వీడియోలు చూసిన సమయం 4000 గంటలు ఉండాలి. లేదంటే షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. ఆ గీత దాటేలోపు కూడా మన వీడియో మీద యాడ్స్ వేసుకోవచ్చు, ఆ డబ్బు మాత్రం వాళ్లదే! ఇంకో తలనొప్పి కాపీరైట్ క్లెయిమ్. మావాడు ఆన్‌లైన్‌లో ఒక బీట్, అంటే రెడీమేడ్ మ్యూజిక్, కొన్నాడు. అదే బీట్ కొన్న ఇంకెవరో తమ పాటను ముందే రిజిస్టర్ చేయించుకున్నారు. అంతే, సొంత గొంతుతో పాడిన పాటకు మావాడే దొంగయ్యాడు. తేలడానికి మూడు వారాలు పట్టింది. అప్పట్నుంచి డప్పు, హార్మోనియం తనే రికార్డ్ చేసుకుంటున్నాడు.

ఇక బ్యాండ్‌క్యాంప్ అంటే పాటలు నేరుగా అభిమానులకు అమ్ముకునే సైటు. ఒక్కో అభిమాని నుంచి వచ్చే డబ్బు చూస్తే దాన్ని మించింది లేదు. ధర మనమే పెట్టుకుంటాం, డిజిటల్ అమ్మకంలో వాళ్లు 15 శాతం తీసుకుంటారు, అమ్మకాలు 5000 డాలర్లు దాటితే 10 శాతమే. 2020 నుంచి కొన్ని శుక్రవారాలు తమ వాటా కూడా వదిలేస్తున్నారు. సంస్థ మాత్రం 2022లో ఒకసారి, 2023లో మరోసారి చేతులు మారింది, సగం మంది ఉద్యోగులు పోయారు. మనకు అసలు చిక్కు పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సర్వీసుతో. అమ్మకం డబ్బు దాని ద్వారానే రావాలి, 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది. డల్లాస్‌లోనో లండన్‌లోనో అభిమానులున్నవాళ్లకు ఇది బంగారం. జమ్మికుంటలో ఫోన్‌పే వాడేవాళ్లకు పాడేవాడికి దీంతో పని లేదు.

అందుకే మావాడికి యూట్యూబే ముందు అన్నాను. స్పాటిఫైలో కూడా ఉండనీ, విజిటింగ్ కార్డులా. బుకింగ్‌కి వచ్చేవాళ్లు ఎలాగూ ముందు యూట్యూబే చూస్తారు.

ఇప్పటికి సబ్‌స్క్రైబర్లు 640. యాడ్స్ మీద రూపాయి రాలేదు. పోయిన నెల పెట్టిన పాట కింద మాత్రం హుస్నాబాద్ నుంచి ఎవరో "అన్నా, నంబర్ పెట్టు" అని కామెంట్ చేశారు. హల్దీ ఫంక్షన్‌కి రెండు గంటలు పాడాలట. అడ్వాన్స్ సాయంత్రానికల్లా ఫోన్‌పేలో పడింది.