కే7000 మానిటర్ కెపాసిటర్ కిట్: కర్నూలు ఎండకు ఆగుతుందా?

పాత ఆర్కేడ్ గేమ్ పెట్టెల్లో ఉండే 19 అంగుళాల వెల్స్ గార్డ్‌నర్ కే7000 మానిటర్ కోసం ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ ఇది. చిన్న కవర్లలో ఎలక్ట్రోలిటిక్ (లోపల ద్రవం ఉండే) కెపాసిటర్లు, ఏది ఏ నంబరు దగ్గర పెట్టాలో చెప్పే కాగితం, అంతే. కర్నూలు దుకాణాల్లో విడివిడిగా ఏరుకుంటే చవకే. కానీ 105 డిగ్రీల వేడి తట్టే రకం అడిగితే 85 డిగ్రీలది చేతిలో పెడతారు, అదీ ఏళ్ల తరబడి అరలో ఎండిన సరుకు. మే నెలలో బయటే 40 దాటే ఊరు మనది. మూసిన చెక్కపెట్టెలో హీట్‌సింక్ పక్కన ఎంతుంటుందో చూసుకోండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది.

ఈ కిట్‌లోనూ ఒక ముక్క 85 డిగ్రీలదే వచ్చింది, మిగతావన్నీ 105. దాన్ని పక్కన పెట్టి, అదే మైక్రోఫారడ్, అదే వోల్టు లేదా ఎక్కువ వోల్టు ఉన్న 105 రకం వేయండి. కొత్తవి సైజులో చిన్నవి. కాళ్లు బలవంతంగా చాపితే అడుగున రబ్బరు సీలు దెబ్బతింటుంది, ముందే వంచి దించాలి.

బోర్డు తాకే ముందు ప్లగ్ పీకి, పిక్చర్ ట్యూబ్ వెనక ఉన్న అల్లిక తీగకు స్క్రూడ్రైవర్‌ను తీగతో కలిపి, యానోడ్ (హై వోల్టేజి తీగ ట్యూబులోకి దిగే చోటు) రబ్బరు కప్పు కింద దూర్చి డిశ్చార్జ్ చేయండి. అక్కడుండేది 20 వేల వోల్టుల పైమాటే. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌ను 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో అర నిమిషం డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూసుకోవాలి. నెక్ బోర్డును నిటారుగానే లాగండి. ట్యూబు మెడ విరిగితే ఇక ఏ కిట్టూ పనికిరాదు.

ఒకేసారి అన్నీ పీకేయొద్దు. ఒకటి తీసి, ఒకటి పెట్టి, కాగితంపై గీత కొట్టండి. బోర్డు మీది పాత రాగి రేకులు బలహీనం, సోల్డర్‌ను సక్కర్‌తో లాగేటప్పుడు ఐరన్‌తో ఎక్కువసేపు వేడి చేస్తే రాగి పొర లేచి వస్తుంది. ముందు కాస్త కొత్త సోల్డర్ పూస్తే పాతది సులువుగా కరుగుతుంది. ఐరన్ తగలగానే చేపల వాసన వచ్చిందంటే లోపలి ద్రవం కారిందని అర్థం. ఆ చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దకపోతే రాగి తినేస్తుంది. ఉబ్బనిది కూడా చెడిపోయి ఉండొచ్చు. మామూలు మీటరు మైక్రోఫారడ్ సరిగ్గానే చూపించొచ్చు, ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) కొలిచే మీటరు పెడితే గుట్టు బయటపడుతుంది.

పనిలో పనిగా కనెక్టర్ పిన్నుల దగ్గర, ఈహెచ్‌టీ (ట్యూబుకు హై వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్ల దగ్గర డ్రై సోల్డర్‌ను, అంటే పట్టు వదిలిన అతుకులను, మళ్లీ అంటించండి. సగం మొరాయింపు అక్కడిదే.

ఇక కరెంటు. ఈ సెట్ 120 వోల్టులది, దానికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ చుట్టలు విడివిడిగా ఉండేది) కావాలి. బజారులో స్టెప్‌డౌన్ పేరుతో రెండింటికీ ఒకే చుట్ట ఉండే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అంటగడతారు. 120 వస్తుంది, కానీ ఛాసిస్‌కు మెయిన్స్ నేరుగా తగులుతూనే ఉంటుంది. ప్లగ్ తీసి ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగల మధ్య ఓమ్‌లు కొలిచి, కలిసి ఉంటే తిప్పి ఇచ్చేయండి. తొలిసారి సిరీస్ బల్బుతో (కరెంటు తీగలో వరుసగా కలిపిన ఫిలమెంట్ బల్బు) ఆన్ చేయాలి, డీగాస్ కాయిల్ (తెర మీది అయస్కాంత మరకలు పోగొట్టే తీగచుట్ట) ప్లగ్ తీసేసి. బల్బు వెలిగి మసకబడితే సరే, వెలుగుతూనే ఉంటే షార్టు. షార్టు లేదని తేలాక బల్బు తీసేసి, బీ ప్లస్ (బోర్డును నడిపే ప్రధాన డీసీ వోల్టేజి) మాన్యువల్లో ఉన్న అంకెకు సరిపోతుందో మీటరుతో చూసుకోండి.

అంచులు పాములా ఊగుతున్నా, బొమ్మ పైభాగం మడతపడుతున్నా ఈ కిట్‌తో చాలావరకు కుదురుతుంది. మధ్యలో ఒక్క అడ్డగీతే ఉంటే బొమ్మను నిలువుగా పరిచే వర్టికల్ భాగమంతా చూడాలి. అసలు హై వోల్టేజీయే రాకపోయినా, రంగులు వెలిసిపోయిన ట్యూబు అయినా ఈ డబ్బు పెట్టకండి.

5 చుక్కల్లో 4. కోసింది ఆ 85 డిగ్రీల ముక్కకు.