ఆగిపోయిన ఆరు మూలల ముక్కల బొంత: అనుకున్నట్టే పూర్తి చేయాలా, గుడ్డ మీద కూర్చాలా?

ఒడిశా పర్లాకిమిడిలో మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఆరేళ్లుగా ఒక సంచి పడి ఉంది. అందులో గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన 26 పువ్వులు. మధ్యలో ఒక ముక్క, చుట్టూ 6, వాటి చుట్టూ 12, మొత్తం పువ్వుకి 19 ముక్కలు, ఒక్కో ముక్క అంచు పొడవు అంగుళం. ఇంగ్లిష్ పేపర్ పీసింగ్ అంటే ఇదే, ఆరు మూలల కాగితం మీదికి గుడ్డ మడిచి కచ్చా కుట్టు వేసి, అలాంటి ముక్కల్ని అంచుకి అంచు ఆనించి చేత్తో కుట్టుకుంటూ పోవడం. 1718 నాటి పట్టు దుప్పటి ఒకటి ఇలా కాగితాల మీద కుట్టినదే, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉంది. నా ముక్కలు మా అమ్మ నూలు చీరలవి, కొన్ని పొందూరు ఖద్దరువి. పారేసే ప్రశ్నే లేదు.

మరి ఎలా పూర్తి చేయాలి?

మొదట అనుకున్నది 60 అంగుళాలకి 90 దుప్పటి, ఖాళీ లేకుండా మొత్తం ముక్కలే. లెక్క వేస్తే సుమారు 2,078 కావాలి, నా దగ్గర ఉన్నవి 494. అంటే ఇంకా 1,584! సాయంత్రానికి ఎనిమిది కుట్టగలిగితే 198 సాయంత్రాలు. సమయం ఒక్కటే అయితే సర్దుకునేదాన్నేమో, కానీ అమ్మ చీరలు అయిపోయాయి, ఇప్పుడు కొత్త గుడ్డ తెచ్చి కలిపితే ఆరేళ్లలో మెత్తబడిన పాత రంగుల పక్కన అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయినా ఒప్పుకోవాలి, అంతా ముక్కలే ఉన్న దుప్పటి అందం వేరు. మీ దగ్గర సగానికి పైగా అయిపోయి, గుడ్డ కూడా మిగిలి ఉంటే ఇదే చేయండి.

ఉన్నవాటినే కలిపేయడం రెండో దారి. ఈ పువ్వులు ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడిపోతాయి, మధ్యలో వేరే ముక్కలు అక్కర్లేదు. 26 కలిపితే ఇంచుమించు గజం చదరం వస్తుంది. పసిపాపకి సరిపోతుంది. మా ఇంట్లో పసిపాపలు లేరు.

మూడోది, నేను ఎంచుకున్నది, పువ్వుల్ని వేరే గుడ్డ మీద పెట్టి అంచులు హెమ్మింగ్ చేయడం. రథయాత్రకి ఒడిశాలోని పిపిలి ఊళ్లో గుడ్డ మీద గుడ్డ ముక్కలు కుట్టి చేసే చాందువా పందిళ్లు, గొడుగులు చూస్తూ పెరిగిన మనకి ఇది కొత్త పని కాదు, అక్కడా ముక్క అంచు లోపలికి మడిచి కింది గుడ్డకి కుట్టేదే. లాంగ్ క్లాత్ ఉతికి ఆరబెట్టి 14న్నర అంగుళాల చదరాలు 24 కోశాను, ఒక్కో చదరం మధ్యలో ఒక పువ్వు. ఒక్కో అంచునా కాలంగుళం కుట్టులోకి పోతే వరసకి నాలుగు చొప్పున ఆరు వరసలు, 56కి 84 దుప్పటి. పువ్వు చుట్టూ కుట్టాల్సింది 30 అంగుళాలే, నాకు రెండు సాయంత్రాలు పడుతోంది. చదరాల్ని కలపడం మిషన్ మీదే. కింద అమ్మ పాత చీర రెండు పొరలు వేసి, మామూలు బొంతకి వేసే కుట్టే వేస్తాను.

ఏ దారి పట్టినా ముందు సంచి విప్పి ఒక్కో పువ్వునీ వెలుతురులో తిరగేసి చూడండి. నేను సూది గుచ్చి వదిలేసిన చోట వానాకాలాల తేమకి తుప్పు మరక పడింది, ఆ ఒక్క ముక్క విప్పి మార్చాల్సొచ్చింది. ఎరుపు, నీలం ముక్కల మీద తడి తెల్లగుడ్డ అద్ది చూడండి, రంగు అంటితే ఆ పువ్వు తెల్లటి నేల మీద పెట్టొద్దు. గమ్‌తో అంటించినవైతే కాగితం గట్టిగా పట్టేసి ఉంటుంది, కాస్త తడి చేసి మెల్లగా లాగితే వదులుతుంది. కచ్చా కుట్టు వేసినవాళ్లకి ఆ బాధ లేదు.

ఒక్క విషయంలో తొందరపడొద్దు, కాగితాలు ముందే తీసేయకండి. పలచటి గంజినీళ్లు చల్లి, కాగితం లోపల ఉండగానే ఇస్త్రీ చేసి, చల్లారాక కచ్చా దారం లాగి కాగితాలు తీస్తే బయటి అంచు మడత అలాగే నిలబడుతుంది. నేను మొదటి పువ్వుకి ముందే తీసేశాను, మూలలన్నీ గుండ్రంగా అయిపోయాయి, మళ్లీ మడిచి కుట్టడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఇప్పటికి తొమ్మిది చదరాలు అయ్యాయి. మిగిలే రెండు పువ్వులూ దిండు గలీబులకి.