వంపు కొన ఉన్న ఫీలర్ గేజ్ సెట్: ట్యాపెట్ సెట్టింగ్ సొంతంగా చేసుకునేవాళ్ళకి నా రివ్యూ

రెండేళ్ళుగా నా బైక్ సర్వీసింగ్ నేనే చేసుకుంటున్నా. ఆయిల్ మార్చడం, చైన్ క్లీనింగ్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, బ్రేక్ ప్యాడ్లు అన్నీ చేతికి అలవాటయ్యాయి కానీ ట్యాపెట్ల జోలికి, అంటే ఇంజిన్ వాల్వ్‌లకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య ఉండే సన్నని గ్యాప్ సరిచేసే పనికి, మాత్రం చాలా రోజులు పోలేదు. ఇంజిన్ హెడ్ లోపలి పని కదా, తేడా వస్తే ఎలా అని భయం. అందుకే ఆ ఒక్క పనీ బయట ఒక మెకానిక్ దగ్గర చేయించా. ఆయన ఇంజిన్ వేడి మీద ఉండగానే, ఫీలర్ గేజ్ (వేర్వేరు మందాల సన్నని బ్లేడ్లతో గ్యాప్ కొలిచేది) అన్నదే పెట్టకుండా, చెవితో వింటూ స్క్రూలు బిగించేశాడు. ట్యాపెట్ల టకటక శబ్దం మొత్తం పోయింది, బండి ఎంత స్మూత్ అయిపోయిందో అని నేనూ తెగ సంతోషపడ్డా. వారం తిరక్కుండానే ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆగిపోవడం మొదలైంది, ఆగాక మళ్ళీ స్టార్ట్ అవడానికి మొండికేసేది.

అప్పుడు కొన్నా ఫీలర్ గేజ్. ముందు తీసుకున్నది మామూలు తిన్నటి బ్లేడ్లది, దాంతో రెండు పూటలు కుస్తీ పట్టా. ట్యాపెట్ కవర్ తీశాక ఉండేది చిన్న రంధ్రం, పైన ఫ్రేమ్ అడ్డం, తిన్నటి బ్లేడు ఎటు పెట్టినా వంగే దూరుతుంది. బ్లేడు వంగితే ఆ వంపు వల్ల వచ్చే రాపిడినే మనం గ్యాప్ టైట్‌గా ఉంది అనుకుంటాం, ఇంకాస్త లూజ్ చేసేస్తాం. పైగా నా మాన్యువల్లో ఇన్‌టేక్ (పెట్రోలు, గాలి లోపలికి వచ్చే) వాల్వ్‌కి 0.08, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వాల్వ్‌కి 0.12 మిల్లీమీటర్ గ్యాప్ అని ఉంటే ఆ సెట్‌లో 0.10 తర్వాత డైరెక్ట్‌గా 0.15 ఉంది. 0.05, 0.07 కలిపి పెట్టొచ్చు గానీ రెండు బ్లేడ్ల మధ్య ఆయిల్ పొర ఉంటే కొలత మారిపోతుంది, ప్రతిసారీ తుడవాలి. కొనేముందు మీ మాన్యువల్లోని రెండు నంబర్లూ సెట్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, బ్లేడ్లు ఎన్ని అన్నది తర్వాత సంగతి.

ఇప్పుడు వాడుతున్నది కొన దగ్గర ఏటవాలుగా వంచిన బ్లేడ్ల సెట్. ఇది నిజంగా బాగుంది. రాకర్ స్క్రూకీ వాల్వ్ స్టెమ్‌కీ (వాల్వ్ కాడకీ) మధ్య నేరుగా, పడుకున్నట్టు వెళ్ళిపోతుంది. కరెక్ట్ గ్యాప్ ఉన్నప్పుడు లాగితే, వేళ్ళతో గట్టిగా పట్టుకున్న కొత్త నోట్ల కట్టలోంచి ఒక్క నోటు లాగినట్టు ఉంటుంది, రాపిడి తెలుస్తుంది కానీ ఎక్కడా పట్టేయదు. ఈ ఫీల్ మొదటిసారి దొరికినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. ఫ్రెండ్ దగ్గర మైక్రోమీటర్ ఉంటే 0.08, 0.12 బ్లేడ్లు కొలిచి చూశా, రెండూ కరెక్ట్‌గానే ఉన్నాయి.

దీంతో మొదట నా ఎగ్జాస్ట్ వాల్వ్ చూస్తే 0.05 కూడా దూరలేదు! ఒక్క నిమిషం గుండె జారిపోయింది. ఎందుకంటే వాల్వ్ మూసుకుని సీట్‌ని (మూసుకున్నప్పుడు అది ఆనుకునే చోటుని) తాకినప్పుడే దాని వేడి హెడ్‌లోకి పోతుంది, గ్యాప్ లేకపోతే పూర్తిగా మూసుకోక కంప్రెషన్ లీక్ అవుతుంది, అలాగే వదిలేస్తే అంచు కాలిపోతుంది. ట్యాపెట్ సౌండ్ కొంచెం వస్తే ఇంజిన్‌కి పెద్ద ప్రమాదం లేదు, అసలు సౌండే లేకపోవడం ప్రమాదం అని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

గేజ్ ఎంత మంచిదైనా పద్ధతి తప్పితే కొలత తప్పే. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, నేనైతే రాత్రంతా వదిలేసి పొద్దున్నే చేస్తా. ప్లగ్ తీసేస్తే క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. ఫ్లైవీల్ మీద టీ మార్క్ (పిస్టన్ పైకొసకి వచ్చిందని చూపే గుర్తు) గీతకి వచ్చాక రెండు రాకర్లనీ వేళ్ళతో కదిపి చూడండి, రెండూ కాస్త ఆడాలి. ఆడకపోతే అది కంప్రెషన్ స్ట్రోక్ (రెండు వాల్వ్‌లూ మూసుకుని ఉండే దశ) కాకపోవచ్చు, ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. రెండో చుట్టులో కూడా ఆడకపోతే గ్యాప్ మూసుకుపోయిందని అర్థం, నాది అదే కేసు.

అసలు కష్టం స్క్రూ కదలకుండా పట్టి ఉంచే లాక్‌నట్ దగ్గర. గ్యాప్ 0.12కి సెట్ చేసి నట్ బిగిస్తే దాంతోపాటు స్క్రూ కూడా పిసరంత తిరిగి గ్యాప్ తగ్గిపోతుంది, నాకు మూడుసార్లు అదే అయింది. ట్యాపెట్ కీతో స్క్రూని కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి, బిగించాక మళ్ళీ బ్లేడు పెట్టి చూడాల్సిందే.

ఈ సెట్‌లో లోపాలు కూడా ఉన్నాయి. బ్లేడ్ల మీద నంబర్లు చాలా లేతగా ఉన్నాయి, టార్చ్ వేసుకుని చదవాలి. 0.03, 0.04 బ్లేడ్లు ఉల్లిపొరలా ఉంటాయి, తోస్తే మడత పడతాయి, మడత పడిన బ్లేడు ఇక కొలతకి పనికిరాదు. అన్నిటినీ పట్టి ఉంచే స్క్రూ వాడుతుంటే లూజ్ అవుతోంది, ఇంజిన్ మీద పని చేసేటప్పుడు అది ఊడి లోపల పడితే చాలా పెద్ద తలనొప్పి, కాబట్టి ముందే బిగించుకోండి. వాడాక తుడిచి పల్చగా ఆయిల్ రాసి పెట్టకపోతే తుప్పు పడుతుంది.

మీ బండిలో ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటే ఇది అక్కర్లేదు, గ్యాప్ దానంతటదే సర్దుకుంటుంది. షిమ్ (మందాన్ని బట్టి గ్యాప్ మార్చే చిన్న బిళ్ళ) టైప్ అయితే గేజ్ కొలవడం వరకే పనికొస్తుంది, గ్యాప్ మార్చాలంటే షిమ్ మార్చాలి, చాలా ఇంజిన్లలో దానికి వాల్వ్‌లని తెరిచే క్యామ్‌షాఫ్ట్ కూడా తీయాలి. స్క్రూ, లాక్‌నట్ ఉన్న బండి అయితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, ట్యాపెట్ కవర్ల రబ్బరు ఓ-రింగులు కూడా కొత్తవి తెచ్చిపెట్టుకోండి, పాతవి గట్టిపడి ఆయిల్ కారుస్తాయి.

నా బండి ఇప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేస్తే సన్నగా టిక్ టిక్ మంటుంది, ఎంత వేడెక్కినా ఐడ్లింగ్‌లో ఆగట్లేదు.