ఇరవయ్యేళ్లు దాటింది, ఇంకా వింటూనే ఉన్నా

ఇళయరాజా వాద్య సంగీతం ఆల్బమ్ ‘హౌ టు నేమ్ ఇట్?’ 1986లో వచ్చింది. నా చేతికి అందేసరికి 1999. హాస్టల్లో పక్క గది సీనియర్ ఇచ్చిన కాపీ క్యాసెట్ అది. లేబుల్ మీద బాల్‌పెన్‌తో ‘రాజా, వయొలిన్’ అని మాత్రం రాసి ఉంది. పాటలుంటాయనుకుని పెట్టాను. ఒక్క మాటా లేదు. పది నిమిషాలకే తీసి పక్కన పడేశా. ఆ రోజు రివ్యూ రాయమంటే రెండు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

మళ్లీ బయటికి తీసింది పరీక్షల టైములో. మాటలున్న పాట పెడితే చదువు బుర్రకెక్కదు కదా, అందుకు. నెల రోజులు అలా వెనకాల మోగుతూనే ఉంది. ఒక ఆదివారం బట్టలు ఉతుక్కుంటూ కూనిరాగం తీస్తున్నాను. ఎక్కడిదా అని ఆలోచిస్తే, అది వయొలిన్ వాయించే వరస కాదు, దాని అడుగున చెల్లోలు (వయొలిన్ లాంటివే, పెద్దవి, గొంతు బరువు) వాయించేది. అదొకటి ఉందని నాకు అప్పటిదాకా తెలీనే తెలీదు. చెవి మాత్రం ఎప్పుడో పట్టేసుకుంది.

మన చెవికి ఒక అలవాటుంది. కచేరీలో గాయకుడు పాడుతుంటే వయొలిన్ ఆయన్నే అనుసరిస్తుంది, మృదంగం లయ చూసుకుంటుంది. నడిచే వరస ఒక్కటే. త్యాగరాజు కీర్తనలో పల్లవిని ఒక్కో సంగతి (అదే లైనుకి కొత్త మలుపు) వేస్తూ మళ్లీ మళ్లీ పాడతారు, ప్రతిసారీ ఆ లైను ఇంకాస్త విచ్చుకుంటుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు బాక్ దారి వేరు. రెండు మూడు వరసలు ఒకేసారి, ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. ఈ ఆల్బమ్‌ని ఆ ఇద్దరికీ అంకితమిచ్చారు. అంకితం మర్యాదకి రాసింది కాదు, ఆల్బమ్ మొత్తం జరిగే పనే అది.

‘మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్’ చూడండి. ఫ్యూగ్ అంటే, ఒకరు చిన్న వరస ఎత్తుకుంటారు. అది అయ్యీ అవగానే ఇంకొకరు అదే వరసని వేరే స్థాయిలో అందుకుంటారు. మొదటివాళ్లు ఆగరు, వేరే మాటలోకి వెళ్లిపోతారు. ఈలోగా మూడో గొంతు (ఇక్కడ గొంతంటే ఒక వాయిద్యం వరసే). మొదటిసారి వింటే పెళ్లింట్లో అత్తలంతా ఒకేసారి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నేను చేసిన పని ఏంటంటే, ఒకసారి విన్నప్పుడు ఒక్క గొంతునే పట్టుకుని చివరిదాకా దాని వెంటే పోవడం. మర్నాడు ఇంకో గొంతు. నాలుగైదు రోజులకి ఒకే ట్రాక్ నాలుగైదు ట్రాక్‌లైంది.

‘ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్’లో వి.ఎస్. నరసింహన్ వయొలిన్ మీద వినిపించేది బాక్ మూడో పార్టీటా (కొన్ని చిన్న రచనల వరస) ప్రెల్యూడ్, అంటే దాని మొదటి భాగం. బాక్ దాన్ని ఒంటరి వయొలిన్ కోసమే రాశాడు, పక్కన ఇంకో వాయిద్యం ఉండదు. రాజా దాన్ని కదపకుండా కింద తన స్ట్రింగ్స్ (వయొలిన్లు, చెల్లోల్లాంటి తీగ వాయిద్యాలు) వేశారు. నేను బాక్ అసలుది విన్నది పదేళ్ల తర్వాత. అప్పుడు తెలిసింది ఇందులో ఎవరి వాటా ఎంతో. అది తెలిశాక మళ్లీ కొత్తగా విన్నాను.

దీని తర్వాతి ట్రాక్ పేరు ‘...అండ్ వి హ్యాడ్ ఎ టాక్’. రెండు పేర్లూ కలిపితే ఒకే వాక్యం: బాక్ మా ఇంటికొచ్చాడు, కూర్చుని మాట్లాడుకున్నాం. ఎంపీత్రీల రోజుల్లో నాకు దొరికిన సీడీలో పేర్లు తారుమారు, పైగా షఫుల్‌లో వినే పాడలవాటు. ఈ ముచ్చట తెలియడానికి ఎన్నేళ్లు పట్టిందో! దయచేసి షఫుల్ ఆపి వినండి.

ఇంకో జాగ్రత్త. ఫోన్ స్పీకర్‌లో అడుగు వరసలు వినబడవు, పై వయొలిన్లు మాత్రం చెవిలో గుచ్చుకుంటాయి. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా సరే, పెట్టుకోండి.

అన్నీ సమానంగా నచ్చాయని చెప్పను. ‘స్టడీ ఫర్ వయొలిన్’ పేరుకి తగ్గట్టే సాధన చేస్తున్నట్టుంటుంది. మెచ్చుకుంటాను గానీ దానికోసం వెనక్కి తిప్పి వినను. క్లిష్టంగా ఉంటే చాలు పదేపదే వినాలనిపిస్తుందనే మాట నేను నమ్మను. నన్ను వెనక్కి రప్పించింది ఆ బట్టలుతికే రోజు కూనిరాగమే, ఫ్యూగ్ గురించి తెలియడం కాదు.

మా ఆవిడకిది ‘సినిమాలో ఏడుపు సీను మ్యూజిక్’. ఆమె మరీ తప్పేం కాదు. బాలు మహేంద్ర 1988 నాటి తన తమిళ సినిమా ‘వీడు’లో దీన్నే నేపథ్య సంగీతంగా వాడుకున్నారు. (తమిళంలో వీడు అంటే ఇల్లు, మన వీడు కాదు.)

స్టార్లు నాలుగున్నర. ఈసారి ఆ అర ‘స్టడీ ఫర్ వయొలిన్’కి కోశాను. ఆరేళ్ల కిందట అడిగితే ‘ఇట్ ఈజ్ ఫిక్స్‌డ్’ ట్రాక్‌కి కోసేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే ఆఫీసు బస్సులో మొదట పెట్టుకునేది అదే.