పాత హార్డ్ డిస్కులకు కొన్న ప్లాస్టిక్ డబ్బా

విశాఖ ఉప్పుగాలికి డ్రైవు కింద ఉండే సర్క్యూట్ బోర్డు తుప్పు పడుతుందేమోనని టెన్షన్, అందుకే 3.5 అంగుళాల డ్రైవులకు సరిపోయే ఈ డబ్బాలు తెప్పించాను. మూత గట్టిగా పడుతుంది, లోపల డ్రైవు అస్సలు కదలదు. కానీ మూత చుట్టూ రబ్బరు సీల్ లేదు, కాబట్టి తేమను ఆపుతుందని మాత్రం నమ్మకండి, డ్రైవును యాంటీస్టాటిక్ కవర్లో (స్టాటిక్ కరెంటు తగలకుండా కాపాడే కవరు) పెట్టి పక్కనే సిలికా జెల్ పొట్లం వేయాల్సిందే. నీలం గింజలవి తీసుకోండి, తేమ పీల్చాక గులాబీ రంగుకు మారతాయి, మార్చాలని చూడగానే తెలిసిపోతుంది. పైన లేబుల్ అతికించే చోటు ఇచ్చారు, అది తెగ నచ్చింది, ఏ ఏడాది ఫొటోలు ఎందులో ఉన్నాయో వెతుక్కోనక్కర్లేదు. ఎంత జాగ్రత్తగా దాచినా డ్రైవు లోపల డిస్కును తిప్పే మోటారు బిగుసుకుపోవచ్చు, అప్పుడప్పుడు కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్లు తెరిచి చూడండి, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి. ఎస్‌ఎస్‌డీల (తిరిగే డిస్కు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవులు) కోసమైతే కొనొద్దు, కరెంటు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే వాటిలో డేటా పోవచ్చు.