కాశీలో అయిదు రాత్రులు, గయలో అమ్మ పేర్ల పుస్తకం

మా అమ్మ కాశీ ప్రయాణానికి బట్టలు సర్దుకునే ముందు బాకీలు తీర్చింది. నెల మధ్యలోనే పాలవాడికి లెక్క చూసి ఇచ్చేసింది. చిట్టీకి ఇంకా రెండు వాయిదాలుంటే అవీ కట్టేసింది. తర్వాత నన్నూ తమ్ముడినీ వరండాలో కూర్చోబెట్టి బీరువా తాళం ఎక్కడుంటుందో, గొలుసు ఎవరికి చెందాలో, బ్యాంకు పుస్తకం ఏ అరలో ఉందో చెప్పింది.

"పది రోజుల్లో వచ్చేస్తాం కదమ్మా, ఇవన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు తమ్ముడు.

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మా అమ్మమ్మ అనేదిరా" అని నవ్వింది. నాకు మాత్రం కడుపులో తిప్పినట్టయింది.

నడిచీ బండ్ల మీదా వెళ్లే రోజుల్లో ఆ సామెత ఉత్తినే పుట్టలేదు. అడవులు, దొంగలు, జ్వరాలు దాటి తిరిగొస్తామన్న నమ్మకం ఉండేది కాదు. అందుకే ఉన్నవి పంచి, అందరితో చెప్పి బయల్దేరేవారు. క్షేమంగా తిరిగొస్తే ఊరు పిలిచి కాశీ సమారాధన చేసేవారు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి విమానంలో రెండు గంటల దారి. దారి తగ్గినా, వెళ్లే ముందు లెక్కలు తేల్చుకోవాలన్న పట్టింపు 74 ఏళ్ల మా అమ్మలో అలాగే ఉంది.

వెళ్లేటప్పుడు రైలే కావాలంది. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రోజుకు పైనే ప్రయాణం. పెద్దవాళ్లుంటే కింది బెర్తు దొరికిన రోజే టికెట్ తీసుకోండి, తేదీ రెండు రోజులు అటూ ఇటూ అయినా పర్వాలేదు. పులిహోర, పెరుగన్నం మొదటి రోజుకు సరిపోయాయి. దారి పొడుగునా అమ్మ ఒక పాత నోటుపుస్తకంలో పేర్లు రాస్తూ కూర్చుంది. గయలో పిండాలు పెట్టాల్సినవాళ్ల పేర్లు. నాగపూర్ దాటేసరికి ఒక పేజీ నిండింది, జబల్పూర్‌కు రెండో పేజీ. పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాం. పేరు మారింది 2018లో, కానీ ఆటోవాళ్లు ఇంకా మొఘల్‌సరాయ్ అనే అంటున్నారు. అక్కడి నుంచి గంగ వంతెన దాటితే కాశీ.

బస విషయంలో మొదట తప్పు చేశాం. ఫొటోలు చూసి ఘాట్ పక్కనే ఉన్న ఒక లాడ్జిలో మూడో అంతస్తు గది తీసుకున్నాం. లిఫ్టు ఉందన్నారు. వెళ్లాక చూస్తే అది సామాన్లు లాగే తాడు. గంగ బాగా కనిపించేది, ఆ మాట నిజం. కానీ అమ్మ మోకాళ్లతో రోజుకు రెండుసార్లు ఆ మెట్లెక్కడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఘాట్ పక్క ఇళ్లన్నీ దాదాపు ఇలాంటివే, ఇరుకు మెట్లు, ఎత్తు గడపలు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గంగ కనిపిస్తుందా అని అడక్కండి, కింది గది ఉందా అని అడగండి. బాత్రూమ్ ఏ రకమో కూడా ఫోన్‌లోనే కనుక్కోండి.

రెండు రాత్రుల తర్వాత పాండే హవేలీ వైపు ఒక తెలుగు సత్రంలో కింది గది దొరికింది, మూడు రోజులకు. గది చిన్నది, మంచం గట్టిది, దుప్పటి మనమే తెచ్చుకోవాలి. అయినా అమ్మ మొహం విప్పారింది. పొద్దున్నే నాలుగింటికి పక్క గదుల్లోంచి తెలుగు మాటలు వినపడుతుంటే ఆవిడకు ఊళ్లో ఉన్నట్టే అనిపించింది. మధ్యాహ్నం మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామతారక ఆంధ్రాశ్రమంలో భోజనం చేశాం. పప్పు, కూర, చారు, మజ్జిగ. ఆ పేరులోని తారకమే కాశీ నమ్మకానికి మూలం. ఇక్కడ ప్రాణం పోయేవాళ్ల కుడిచెవిలో శివుడే తారకమంత్రం చెబుతాడని, ఇక వాళ్లకు మళ్లీ పుట్టుక ఉండదని అంటారు. యముడికి ఇక్కడ అధికారం లేదు, లెక్క చూసేది కాలభైరవుడే.

ఈ నమ్మకం వీధిలో ఎలా నడుస్తుందో మొదటి పొద్దునే చూశాను. గోదౌలియా వైపు సందులో టీ తాగుతున్నాం. "రామ్ నామ్ సత్య హై" అంటూ మెరుపు గుడ్డ కప్పిన పాడె వచ్చింది. మా ఊళ్లో శవం వస్తోందంటే తలుపులేస్తారు, పిల్లల్ని లోపలికి లాగుతారు, వెళ్లాక వాకిట్లో నీళ్లు చల్లుతారు. ఇక్కడ టీ కొట్టతను గ్లాసు పక్కన పెట్టి ఒక చేత్తో దణ్ణం పెట్టాడు, మళ్లీ గ్లాసందుకున్నాడు. బడికెళ్లే పిల్లలు గోడకు ఒదిగి దారిచ్చారు. వాళ్లలో ఏ ఒక్కరూ మొహం తిప్పుకోలేదు. నేను మాత్రం తిప్పుకున్నాను.

మణికర్ణికను పడవలోంచి చూడటం పెద్దవాళ్లకు సులువు. మేం పంచతీర్థాల పడవ మాట్లాడుకున్నాం. అసి, దశాశ్వమేధం, మణికర్ణిక, పంచగంగ, ఆదికేశవ ఘాట్‌లు, ఒక్కో చోట సంకల్పం. పడవకు మొత్తం ఎంతో, ఎన్నిచోట్ల ఆపుతాడో ఎక్కకముందే తేల్చుకోవాలి. మణికర్ణికలో కట్టెల మోపులు కొండల్లా పేర్చి ఉంటాయి, పెద్ద కాటాల మీద తూచి ఇస్తారు. నిప్పు మాత్రం అక్కడి కాటికాపరులైన డోముల దగ్గర తీసుకోవాల్సిందే. ఆ నిప్పు ఆరిపోయింది లేదంటారు. తెల్లబట్టల్లో గుండుతో కొడుకు చితి చుట్టూ తిరుగుతాడు, అంతా అయ్యాక కుండెడు నీళ్లు భుజం మీదుగా వెనక్కి విసిరి, తిరిగి చూడకుండా వెళ్లిపోతాడు. ఏడుపులు వినపడవు. ఏడిస్తే పోయేవాళ్లకు అడ్డం పడినట్టని అక్కడివాళ్ల నమ్మకం. ఒడ్డున దిగితే కట్టెల దానమంటూ డబ్బులడిగేవాళ్లు చుట్టుముడతారు. ఫొటోలు తీయకండి, అది ఇంకొకరింటి దుఃఖం.

విశ్వనాథుడి దర్శనం 2021లో గుడి నుంచి గంగ దాకా కారిడార్ తెరిచాక పెద్దవాళ్లకు చాలా మేలైంది. అమ్మకు చక్రాల కుర్చీ దొరికింది. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి గదిలోనే వదిలి వెళ్లండి.

నా మనసులో ఎక్కువగా ఉండిపోయింది గుడి కాదు, కేదార్ ఘాట్ మెట్ల మీద కలిసిన ఒక పెద్దావిడ. గుంటూరు వైపు మనిషి. కాశీవాసానికి వచ్చి 11 ఏళ్లయిందట. కాశీకి హద్దులైన వరుణ, అసి నదుల మధ్య గీత దాటనని మొక్కుకుంది. చిన్న గది, ఒక స్టవ్వు, రెండు చీరలు.

"నెల సరుకులు తెచ్చుకోను వదినగారూ" అంది మా అమ్మతో. "వారానికి సరిపడా తెచ్చుకుంటాను. మిగిలితే ఎవరికి పని?"

చివరి ఖర్చుకు డబ్బు, మడత విప్పని చీర ఇంటి ఓనరుకు ఇచ్చి ఉంచిందట. పొద్దున గంగ, గుడి, మధ్యాహ్నం ఆకలితో వచ్చేవాళ్లెవరైనా ఉంటే గుప్పెడు అన్నం, సాయంత్రం కొత్తగా వచ్చే తెలుగువాళ్లకు దారి చూపించడం. మనవడి పెళ్లికి వెళ్లలేదు. "ఫోన్‌లో చూశాను. తలంబ్రాలప్పుడు సిగ్నల్ పోయింది" అంది.

ఆ మాట దగ్గర నా గొంతు పట్టేసింది. ఆవిడ కూతురు ఎంత బాధపడి ఉంటుందో నాకు తెలుసు, నేనూ కూతుర్నే. ముక్తి కోసం బతికున్నవాళ్లకు దూరం కావాలా అని ఆవిడ్ని అడగాలనిపించింది, అడగలేదు. ఆ రాత్రి అమ్మను అడిగాను. "ఆవిడ దూరం కాలేదే. మనల్ని చూసి ఎంత సంబరపడిందో చూడలేదా?" అంది. నాకు ఆ జవాబు ఇప్పటికీ చాల్లేదు. కానీ ఆ మెట్ల మీద ఆవిడ కూర్చున్న తీరు, ఎవరొచ్చినా జరిగి చోటిచ్చిన తీరు మరిచిపోలేను.

మూడో రోజు అమ్మ ముక్తిభవన్ చూస్తానంది. తమ్ముడు ఒప్పుకోలేదు, చాలాసేపు వాదించాడు. చివరికి ముగ్గురం వెళ్లాం. 1958 నుంచి నడుస్తున్న ఇల్లు అది. ఇక బతకరనుకున్నవాళ్లను ఇంటివాళ్లే తీసుకొచ్చి తోడుంటారు. మామూలుగా రెండు వారాలు గడువు. డాక్టర్లుండరు. భజన, గంగాజలం, తులసి. గదిలో ఒక మంచం, ఒక కిటికీ. అది చూసే చోటు కాదని లోపలికి వెళ్లిన క్షణంలోనే తెలిసింది. గొంతు తగ్గించుకుని, గుమ్మం దగ్గరే నిలబడి అయిదు నిమిషాల్లో వచ్చేశాం. ఎవరైనా వెళ్లాలనుకుంటే ముందు అడిగి, వాళ్లు వద్దంటే వెనక్కి రండి. ఏళ్ల తరబడి కాశీవాసం చేయాలనుకునే పెద్దలకు అసి ఘాట్ దగ్గర ముముక్షు భవన్ వేరే ఉంది.

బయటికొచ్చాక అమ్మ అరుగు మీద కూర్చుంది. చాలాసేపటికి "మీ నాన్న నోట్లో చుక్క నీళ్లు పోయనివ్వలేదు" అంది.

నాన్న ఐసీయూలో 18 రోజులున్నారు. ఆసుపత్రి పేరెందుకు గానీ, అద్దం తలుపు అవతలి నుంచే చూశాం. తులసి నీళ్లు పట్టుకుని అమ్మ కారిడార్‌లో నిలబడింది. ఇన్ఫెక్షన్ అన్నారు, వద్దన్నారు. వాళ్లు బతికించాలనే చూశారు, నేను కాదనను. ఆ చివరి రెండు రోజులు ఆశ లేదని వాళ్లే చెప్పాక కూడా ఎందుకు రానివ్వలేదో మాత్రం నాకు అర్థం కాలేదు. అమ్మ ఈ యాత్ర ఎందుకు పట్టుబట్టిందో ఆ అరుగు మీద తెలిసింది. తమ్ముడు అమ్మ పక్కన కూర్చున్నాడు, ఇంక వాదించలేదు.

ప్రయాగ ఒక పూటలో చూసొచ్చాం. సంగమంలో పడవల రేట్లు అడిగేకొద్దీ తగ్గాయి. మా పక్క పడవలో ఒక తెలుగు జంట వేణీదానం చేస్తోంది. అరవై దాటిన భర్త భార్యకు జడ అల్లుతుంటే చేతులు వణుకుతున్నాయి. అమ్మ కళ్లు తిప్పకుండా చూసింది.

గయకు కాశీ నుంచి కారులో అయిదారు గంటలు. తెల్లవారుజామున బయల్దేరితే మంచిది. విష్ణుపాదం గుడిని 1787లో మరాఠా రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. ఫల్గుణీ నదిలో నీళ్లు కనపడేవి కావని, ఇసుక తవ్వి తీసుకునేవాళ్లమని పెద్దలు చెప్పేవారు. 2022లో కట్టిన రబ్బరు డ్యామ్ వల్ల ఇప్పుడు గుడి పక్కన నీళ్లున్నాయి. మేం ఫోన్‌లో మాట్లాడుకున్న మనిషి సగం కార్యక్రమమయ్యాక ఇంకో మూడు వేలు కావాలన్నాడు. అప్పుడు కాదనే స్థితిలో ఎవరూ ఉండరు. సామగ్రి, బ్రాహ్మణుల సంభావన, భోజనం అన్నీ కలిపి ఎంతో ముందురోజే కాగితం మీద రాయించుకోండి. డబ్బు కన్నా, ఆ సమయంలో మనసు చెదరడం ఎక్కువ బాధ.

నాన్నకు, తాతలకు, అమ్మమ్మలకు అయ్యాక ధర్మపిండాల వంతు వచ్చింది. గయలో బంధువులకే పెట్టాలని లేదు. స్నేహితులకు, పనిచేసినవాళ్లకు, పెంచిన పశువులకు, ఎవరూ లేనివాళ్లకు కూడా పెట్టొచ్చు. అమ్మ పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. తనకు పురుడు పోసిన మంత్రసాని. నాన్నతో చదువుకుని చిన్నప్పుడే కాలవలో పోయిన కుర్రాడు. వరదల్లో కొట్టుకుపోయిన మా గేదె. ఎదురింట్లో ఒంటరిగా పోయిన టీచరుగారు. గోత్రం తెలియనివాళ్లకు ఏమనాలో పురోహితుడు చెబుతుంటే తమ్ముడు ఒక్కొక్క ముద్ద పెడుతున్నాడు.

తర్వాత పెదనాన్న పేరు వచ్చింది. తమ్ముడి చెయ్యి ఆగింది. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా కోర్టు దాకా వెళ్లింది. పన్నెండేళ్లు మాటల్లేవు, నాన్న చావుకీ ఆయన రాలేదు. నిరుడు ఆయనా పోయాడు.

"ఆయనకు వాళ్ల పిల్లలున్నారు కదమ్మా" అన్నాడు.

"ఉన్నారు. నువ్వూ పెట్టు. చిన్నప్పుడు నిన్ను భుజం మీద తీర్థానికి తీసుకెళ్లింది ఆయనేరా" అంది అమ్మ.

పెట్టాడు. చేతులు కడుక్కునేటప్పుడు వాడి కళ్లు ఎర్రబడ్డాయి. తిరిగొచ్చాక వాడే వెళ్లి పెదనాన్న కొడుక్కి గయ ప్రసాదం ఇచ్చొచ్చాడని తర్వాత తెలిసింది. గట్టు కేసు ఇంకా ఉంది, వాయిదాకు ఇద్దరూ ఒకే కారులో వెళ్లారట.

అక్షయవటమనే మర్రిచెట్టు కింద ఇష్టమైనవి వదలాలన్నారు. అమ్మ పనసపండు, దొండకాయ వదిలింది. దొండకాయ వేపుడు నాన్నకు ప్రాణం, ఆయన పోయాక అమ్మ వండిందే లేదు.

తిరుగు ప్రయాణం విమానంలో. కాశీకి ఉన్న బాబత్‌పూర్ విమానాశ్రయం ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం. దారిలో ట్రాఫిక్ ఉంటుంది, మూడు గంటల ముందే బయల్దేరండి. సీలు వేసిన గంగ చెంబులు చెక్-ఇన్ సామాన్లో పెట్టాం.

ఇంటికొచ్చి సమారాధన చేశాక అమ్మ ఆ చెంబుల్లో ఒకటి దేవుడి గదిలో పై అరలో పెట్టింది. "ఇది నాది. ఆసుపత్రిలో వద్దంటే నన్ను ఇంటికి తెచ్చెయ్యండి" అని మా ఇద్దరితో చెప్పింది. వరండాలో కూర్చోబెట్టి బీరువా తాళం గురించి చెప్పిన గొంతుతోనే చెప్పింది. ఈసారి తమ్ముడు ఎందుకని అడగలేదు. నేను సరేనన్నాను, అనడానికి టైం పట్టింది.

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలంటారు, తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకు బదులుగా. మాకు అయిదే కుదిరాయి. ఆ లోటు అమ్మకు ఉండిపోయింది. కార్తీకమాసంలో తొమ్మిది రాత్రులకు ఆ సత్రంలోనే కింది గది ఖాళీ ఉంటుందేమో కనుక్కోమని వారం నుంచి అడుగుతోంది. నిన్న ఫోన్ చేశాను. ఉందన్నారు.