బడిలో మేకర్‌స్పేస్: అటల్ ల్యాబా, మన పాత గదా?

మా బడిలో మేకర్‌స్పేస్, అంటే పిల్లలు చేతులతో ఏదైనా చేసే చోటు పెట్టాలనుకున్నప్పుడు రెండు దారులు కనిపించాయి. ఒకటి అటల్ టింకరింగ్ ల్యాబ్. 2016లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు వస్తుంది, అందులో 10 లక్షలు సామాన్లకు, మిగతాది ఐదేళ్ల నిర్వహణకు. వస్తువుల్నే ముద్రించే త్రీడీ ప్రింటర్, ఆర్డుయినో బోర్డులు (కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులు), వేడి, వెలుగు లాంటివి పసిగట్టే సెన్సర్లు అన్నీ ఉంటాయి, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. కానీ మైదాన ప్రాంతంలో 1,500 చదరపు అడుగుల చోటు చూపించాలి, దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి. నేను చూసిన ఒక ల్యాబ్‌లో ప్రింటర్ మీద కవర్ కూడా తీయలేదు, పాడవుతుందన్న భయంతో. చూసి చాలా బాధేసింది.

రెండోది ఖాళీ గది, నాలుగు బల్లలు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, సోల్డరింగ్ ఐరన్, ఇళ్ల నుంచి తెచ్చిన పాత సామాను. ఏడో తరగతి అమ్మాయి తిరగని టేబుల్ ఫ్యాన్‌ని విప్పి, మా సార్ దగ్గరుండి చూస్తుంటే మోటారు తిరగడానికి సాయపడే కెపాసిటర్ మార్చింది. ప్లగ్ పెట్టగానే రెక్కలు తిరిగాయి, దుమ్మంతా మా ముఖాల మీదే!

కోడింగ్, డిజైన్ దాకా వెళ్లాలంటే మాత్రం అటల్ ల్యాబే మేలు, పాత సామానుతో అక్కడిదాకా పోలేం. అందుకే దరఖాస్తు పెట్టండి, అది వచ్చేలోపు గది తాళం తీసేయండి.